తొలి పాలకు ఆలస్యం వద్దు

బిడ్డ ఇంకా గర్భంలో ఉండగానే దాని ఆహారం సిద్ధం కావడం అల్లాహ్ కారుణ్యానికి స్పష్టమైన నిదర్శనం. గర్భం ధరించిన నాలుగైదు నెలలకే తల్లి రొమ్ములలో ముర్రుపాలు తయారు కావడం మొదలవుతుంది. పోషకుడైన ప్రభువు తన ఏర్పాటును అంత ముందుగా చేయగా, మన ఇళ్లలో మాత్రం ఉయ్యాల, కొత్త బట్టలు, అఖీఖా విందు గురించి నెలల తరబడి మాట్లాడుకుంటాము. పాలు పట్టే సంగతి కాన్పు తరువాత చూసుకోవచ్చని వదిలివేస్తాము.

దివ్య ఖుర్ఆన్ ఈ విషయాన్ని అలా వదిలివేయలేదు. సూరా లుఖ్మాన్ 14వ వాక్యం పాలు మాన్పించే గడువును రెండేళ్లుగా ప్రస్తావించింది. సూరా అహ్ఖాఫ్ 15వ వాక్యం గర్భాన్ని, పాలకాలాన్ని కలిపి ముప్పై నెలలుగా లెక్కించింది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తల్లికి ఫిరౌను సైనికుల భయం వెన్నాడుతున్న వేళ అందిన తొలి ఆదేశం బిడ్డకు పాలు పట్టమన్నదే అని సూరా ఖసస్ 7వ వాక్యం తెలుపుతోంది.

మా ఇంట జరిగిన పొరపాటు

ఇవన్నీ విద్యార్థులకు బోధించే మేమే మా ఇంట్లో తప్పు చేశాము. మా పెద్ద కోడలికి తొలి కాన్పు అయిన రాత్రి మేము మదరసాలో ఉన్నాము. ఫోను రాగానే, "మేము వచ్చి అజాన్ పలికి, తహ్నీక్ చేసిన తరువాతే పాలు పట్టండి" అని చెప్పాము. పెద్దల మాట కాదనడం ఎవరికీ చేతకాలేదు. బస్సు దొరికి మేము చేరేసరికి ఆరు గంటలు గడిచిపోయాయి. ఈలోగా బిడ్డ ఏడ్చి అలసిపోతే ఎవరో చక్కెర నీళ్లు నాకించారు. ఆ వెనుకే సీసా వచ్చింది.

మూడో రోజుకు తల్లి రొమ్ములు గట్టిపడి జ్వరం పట్టుకుంది. సీసాకు అలవాటుపడిన బిడ్డ రొమ్ము పట్టలేదు. నలభై రోజులు నిండకముందే పాలు ఇంకిపోయాయి. "పాపం, కోడలికి పాలు పడలేదట" అని బంధువులంతా అనుకున్నారు. ఆమె తలవంచుకొని విన్నది. ఆ తప్పు ఆమెది కాదు, మాదేనని చెప్పడానికి ఆనాడు మాకు నోరు రాలేదు. ఈ వ్యాసం ద్వారా ఆ మాట చెబుతున్నాము.

తహ్నీక్ పాలకు అడ్డు కాదు

నమిలి మెత్తపరచిన ఖర్జూరాన్ని శిశువు అంగిటికి రాయడమే తహ్నీక్. అది సున్నత్ అనడంలో సందేహం లేదు. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) తమ బిడ్డను దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధికి తీసుకువెళ్లే వరకు ఎవరూ పాలు పట్టవద్దని చెప్పినట్లు హదీసులో ఉన్న మాటా వాస్తవమే. కొందరు దీనినే ఆధారంగా చూపుతారు. అయితే ఆ తల్లి ఎదురుచూసింది ప్రవక్త శుభహస్తాల కోసం. ఆ శుభం మనలో ఎవరి చేతికీ లేదు. తహ్నీక్ ముస్తహబ్ మాత్రమే. దాని కోసం ఆకలిగొన్న శిశువును ఉంచమని షరీఅత్ ఎవరినీ ఆదేశించలేదు. ఎవరికీ హాని తలపెట్టరాదన్నది షరీఅత్ మౌలిక సూత్రాలలో ఒకటి. ముస్తహబ్ కోసం పసికందుకు హాని కలిగించడం ఏ విధంగానూ ధర్మం కాజాలదు.

కొన్ని చోట్ల అయిదు పూటల అజాన్ వినిపించే వరకు పాలు ఇవ్వరాదన్న నమ్మకం ఉంది. దీనికి ఖుర్ఆన్‌లోగానీ, హదీసులలోగానీ ఆధారం లేదు. అజాన్ పలకడానికి పెద్ద ఆలిమ్ రానవసరం లేదు, తండ్రి పలికితే చాలు. బిడ్డ తల్లి రొమ్ముపై ఉండగానే చెవిలో పలకవచ్చు. తేనె విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి శిశువుల నరాలను దెబ్బతీసే ప్రాణాంతక వ్యాధి కలిగించవచ్చు గనుక ఏడాది నిండే వరకు తేనె నాకించరాదని వైద్యులు హెచ్చరిస్తున్నారు. ఆముదం, ఘుట్టీ, చక్కెర నీళ్లు కూడా వద్దు.

ఏడో నెల నుండి చేయవలసినవి

పుట్టిన గంటలోపే తల్లిపాలు, ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు, తరువాత ఇతర ఆహారంతో పాటు రెండేళ్లు, ఆ పైనా పాలు ఇవ్వాలి: ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతమే. కనుక గర్భవతి, ఆమె కుటుంబం ముందుగానే సిద్ధం కావాలి.

మొదటిది, శరీరం. రొమ్ము పరిమాణానికీ పాల పరిమాణానికీ సంబంధం లేదు. చనుమొనలను గరుకు బట్టతో రుద్దడం, లాగడం వంటి పాత సలహాలు పాటించరాదు. వాటివల్ల చర్మం పుండ్లు పడుతుంది, గర్భసంచి బిగుసుకునే ప్రమాదమూ ఉంది. సబ్బు పెట్టి తోమవద్దు, స్నానపు నీళ్లే చాలు. చనుమొనలు లోపలికి ముడుచుకొని ఉన్నా, మధుమేహం, థైరాయిడ్ ఉన్నా, రొమ్ముకు శస్త్రచికిత్స జరిగినా వైద్యురాలికి ముందే చెప్పాలి. ఐరన్ మాత్రలు మానరాదు. గర్భవతికి, పాలిచ్చే తల్లికి రమజాన్ ఉపవాసంలో సడలింపు ఉన్నదని హదీసు తెలుపుతోంది. తనకుగానీ బిడ్డకుగానీ హాని భయముంటే ఆమె తరువాత ఖజా చేసుకోవచ్చు. ఈ సడలింపును వాడుకోవడం బలహీనత కాదు.

రెండవది, తెలివిడి. బిడ్డకు పాలు పట్టడం ఎలాగో అనుభవం ఉన్న తల్లి పక్కన కూర్చొని చూడాలి. బిడ్డ నోరు బాగా తెరవాలి. చనుమొన ఒక్కటే కాక చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలా వరకు నోట్లోకి రావాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి. నొప్పి తగ్గకుంటే పట్టు సరిగా లేదని అర్థం. తొలి రెండు మూడు రోజులు ముర్రుపాలు చెంచాల కొద్దీ మాత్రమే వస్తాయి. శిశువు చిన్న కడుపుకు అవే చాలు. రోజుకు ఎనిమిది నుండి పన్నెండు సార్లు చీకితే పాలు వృద్ధి చెందుతాయి. అయిదారు రోజుల వయసు నుండి రోజుకు ఆరు సార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తుంటే, రెండు వారాలకు పుట్టినప్పటి బరువు తిరిగి వస్తే పాలు సరిపోతున్నట్లే.

మూడవది, ఆసుపత్రితో మాట. బిడ్డ పుట్టగానే తల్లి ఛాతీపై ఉంచాలని, వైద్య అవసరం లేకుండా సీసా పట్టవద్దని ముందే చెప్పి ఉంచాలి. సిజేరియన్ అయినా, తల్లీబిడ్డలు కుదుటగా ఉంటే పక్కన ఒకరు సాయం పట్టి పాలిప్పించవచ్చు. బిడ్డను వేరే గదిలో ఉంచవలసి వస్తే తల్లి చేత్తో పిండిన పాలను ఉగ్గుగిన్నెతో పట్టించవచ్చు.

కుటుంబం వంతు

సూరా బఖరా 233వ వాక్యం పాలిచ్చే తల్లి అన్నవస్త్రాల బాధ్యతను తండ్రిపై ఉంచింది. బిడ్డ కారణంగా తల్లిని కష్టపెట్టరాదన్నది, పాలు మాన్పించడానికి ఇద్దరి సంప్రదింపు, అంగీకారం కావాలన్నది. హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో మొదట పాలు మానిన పిల్లలకే భత్యం ఉండేది. ఒక రాత్రి ఏడుస్తున్న బిడ్డను చూసి, భత్యం కోసమే తల్లి ముందుగా పాలు మాన్పిస్తున్నదని తెలుసుకొని ఆయన కన్నీరు పెట్టారు. పుట్టిన నాటి నుండే భత్యం ఇవ్వాలని ఆదేశించారు. తల్లిని తొందరపెట్టే పరిస్థితిని మార్చడం పెద్దల పని అని ఈ సంఘటన నేర్పుతుంది.

మన ఇళ్లలో ఆ పరిస్థితి ఎలా ఉంటుంది? పురుటి గది నిండా చూడవచ్చిన బంధువులు. పర్దా పాటించే ఇల్లాలు వారి ముందు పాలివ్వలేక, బిడ్డ ఏడుస్తున్నా ఊరకుంటుంది. ఆమెకు ఒక తెర, ఒక మూల, కొంత ఏకాంతం కల్పించడం అత్తగారి మొదటి కర్తవ్యం. వచ్చినవారిని పలకరించి పంపడం భర్త పని. ఉద్యోగం చేసే తల్లి చట్టం ప్రకారం తొలి ఇద్దరు పిల్లలకు 26 వారాల వేతన సెలవు గురించి ముందే విచారించుకోవాలి.

ప్రయత్నించినా పాలు చాలని తల్లులు ఉంటారు. వారిని నిందించడం పాపం. వైద్య సలహాతో వేరే పాలు ఇవ్వడం తప్పు కాదు. మరొక స్త్రీ పాలిస్తే రజాఅత్ బంధుత్వం ఏర్పడుతుంది గనుక ఆ వివరం రాసి భద్రపరచాలి.

మా కోడలి రెండో కాన్పుకు ముందు ఏడో నెలలో ఇంటివారందరినీ కూర్చోబెట్టి పై విషయాలన్నీ చెప్పాము. తొలి కాన్పునాటి తప్పు మాదేనని ఆమె ఎదుటే ఒప్పుకున్నాము. "అదంతా ఎందుకు అబ్బా, ఈసారి మీరు రావడం ఆలస్యమైతే నేను ఆగను" అన్నది ఆమె. ఆగవద్దనే చెప్పాము. పాప పుట్టిన రాత్రి మా కుమారుడే అజాన్ పలికాడు. మేము మరునాడు ఖర్జూరంతో వెళ్లేసరికి పాప కడుపునిండా పాలు తాగి నిద్రపోతోంది. మేల్కొనే వరకు మేమే వేచి ఉన్నాము.

అల్లాహ్ మన ఇళ్లలోని తల్లులకు ఆరోగ్యాన్ని, పసివారికి తృప్తిని, పెద్దలకు తమ తప్పు ఒప్పుకునే ధైర్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.