నాన్న పుష్పక్‌ని నిద్ర లేపా!

‘‘నెలాఖర్లోగా స్టార్ట్ చేస్తే నీది. లేకుంటే తూకానికే!’’

నాన్న ఈ మాట అన్నప్పటికి నా చేతిలో 19 రోజులున్నాయి. బౌద్ధనగర్‌లోని మా పాత ఇంటిని బిల్డర్‌కి ఇచ్చేశాం. ఖాళీ చేసి తార్నాకలో అద్దె ఫ్లాట్‌కి మారాలి. ‘నడిచే బండైతే సెల్లార్లో పెట్టుకోండి, తుక్కు మాత్రం వద్దు’ అని ఓనర్ ముందే చెప్పేశాడు. మెట్ల కింద టార్పాలిన్ కప్పుకుని నాలుగేళ్లుగా కదలని ఆల్విన్ పుష్పక్ స్కూటర్ గురించే ఆ మాట.

పుష్పక్ అంటే ఇప్పటి వాళ్లలో చాలామందికి తెలీదు. మన హైదరాబాద్ స్కూటర్ అది! 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ ఫ్రిజ్‌లు, వాచీలు, బస్సు బాడీలే కాదు, స్కూటర్లు కూడా అమ్మింది. ఫ్యాక్టరీ సనత్‌నగర్‌లో ఉండేది. ఇంజిన్ మూలం మాత్రం ఇటలీది. మిలాన్‌లో ఇన్నొసెంటి కంపెనీ చేసిన లాంబ్రెట్టా స్కూటర్ యంత్రాలను మన ప్రభుత్వం కొని, 1972లో స్కూటర్స్ ఇండియా అనే సంస్థ పెట్టింది. లక్నో దగ్గర తయారైన విజయ్ సూపర్ అక్కడిదే. మన పుష్పక్ దానికి తమ్ముడు. 150 సీసీ, టూ స్ట్రోక్, రేకు బాడీ. ఆల్విన్ స్కూటర్లు ఎప్పుడో ఆగిపోయాయి. స్కూటర్స్ ఇండియాని మూసేయడానికి కేంద్రం 2021లో ఓకే చెప్పింది. అంటే ఈ బండికి పుట్టిల్లూ లేదు, మేనమామ ఇల్లూ లేదు!

నాన్న దీన్ని 1991లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. చిన్నప్పుడు నేను ముందు నిలబడి, హ్యాండిల్ పట్టుకుని, ఓయూ క్యాంపస్ అంతా తిరిగింది దీని మీదే. అందుకే తూకం అనగానే నాకు ఎక్కడో కలుక్కుమంది. కానీ ఒప్పుకోవాలి, బండి రిపేర్ గురించి నాకేమీ తెలీదు. నాలుగేళ్ల బీటెక్‌లో ఇంజిన్ అనే మాట నేను విన్నది సెర్చ్ ఇంజిన్ దగ్గరే.

మొదటి శనివారం ఏం చేశానో వింటే నవ్వుతారు. కొత్త ప్లగ్ వేశా. పాత పెట్రోల్ పారబోసి కొత్తది పోశా. కార్బొరేటర్ మూత తీసి స్ప్రే డబ్బా సగం కొట్టా. చోక్ లాగి ఎనభై కిక్కులు కొట్టా. లేవలేదు. ఆఫీసులో ఎవరైనా జూనియర్ ఐదు మార్పులు ఒకేసారి చేసి ‘పనిచేయట్లేదు’ అంటే నేనే క్లాస్ పీకుతా. మరి ఇక్కడ నేను చేసిందేంటి?

వారాసిగూడలో పాత స్కూటర్లు చూసే మెకానిక్ ఒకాయన ఉన్నారు. డెబ్బై దాటి ఉంటాయి, అందరూ చాచా అంటారు. బండి చూడ్డానికి రమ్మంటే ఆయన లేవలేదు. ఒకటే అడిగారు. ‘‘కిక్ కొట్టినాక ప్లగ్ ఇప్పి చూసినవా బేటా? తడిగ ఉందా, ఎండిపోయి ఉందా?’’

చూడలేదు చాచా అన్నా.

‘‘పో, చూసి రా.’’

అంతే! ఈ ఒక్క ప్రశ్న దగ్గరే సగం రోగం తేలిపోతుందని నాకు తర్వాత అర్థమైంది. ఇంజిన్ లేవాలంటే పెట్రోల్ రావాలి, నిప్పురవ్వ రావాలి, లోపల ఒత్తిడి ఉండాలి. కిక్ కొట్టాక ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోల్ అక్కడిదాకా రావట్లేదని అర్థం. అంటే ట్యాంకు, కాక్, కార్బొరేటర్ చూడాలి. తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది గానీ మండట్లేదు. అంటే స్పార్క్ వైపు వెళ్లాలి.

నాది తడిగా ఉంది. అంటే నేను వారమంతా కార్బొరేటర్ మీద పడి తిట్టుకుంటుంటే, అసలు దొంగ ఇంకెక్కడో ఉన్నాడు.

ప్లగ్‌ని క్యాప్‌కి తగిలించి, దాని ఇనుప భాగాన్ని ఇంజిన్ హెడ్‌కి ఆనించి కిక్ కొడితే స్పార్క్ కంటికి కనిపించాలి. (ఇది చేసేవాళ్లు ఒలికిన పెట్రోల్ ముందు తుడవండి. ప్లగ్‌ని దాని రంధ్రానికి దూరంగా పెట్టండి. కిక్ కొట్టినప్పుడు ఆ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి బయటికి తన్నుతుంది.) లైట్ ఆర్పి చూశా. చిన్న మెరుపు కూడా లేదు.

ఈసారి చాచా సైగలతో చెప్పారు. ఫ్యాన్ కవర్ విప్పితే ఫ్లైవీల్‌కి కిటికీల్లాంటి రంధ్రాలుంటాయి. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ అందులోంచి చూస్తే పాయింట్లు కనిపిస్తాయి. రెండు చిన్న లోహపు బొడిపెలు, అవి కలిసి విడిపోతుంటేనే స్పార్క్ పుడుతుంది. బండి ఏళ్ల తరబడి నిలబడితే వాటి మీద సన్నటి పొర పట్టేస్తుంది, కరెంట్ పోదు. సన్న ఎమరీ పేపర్‌తో రెండుసార్లు రుద్ది, పెట్రోల్‌లో ముంచిన విజిటింగ్ కార్డ్‌ని వాటి మధ్య పెట్టి లాగా. కార్డ్ నల్లగా వచ్చింది. నా పాత కంపెనీ విజిటింగ్ కార్డులు ఒక్కదానికైనా పనికొచ్చాయి! పాయింట్లు పూర్తిగా విడిపోయినప్పుడు మధ్య సందు 0.4 మిల్లీమీటర్ల దగ్గర ఉండేలా ఫీలర్ గేజ్‌తో సరిచేశా. మళ్లీ లైట్ ఆర్పి కిక్ కొడితే, టక్... నీలం రంగు మెరుపు!

ప్లగ్ బిగించి నాలుగు కిక్కులు కొట్టా. బండి దగ్గింది, తెల్లటి పొగ వదిలింది, లేచింది. పక్కింటి ఆంటీ కిటికీలన్నీ టపటపా మూసేసింది. నేను సంతోషంగా చోక్ దించా. వెంటనే చచ్చిపోయింది. చోక్ ఎత్తితే లేస్తుంది, దించితే పోతుంది. అప్పటికి ఇంకా 8 రోజులు.

ఇప్పుడు నిజంగానే కార్బొరేటర్ వంతు. దాని లోపల ఉండేది మన ఇళ్ల మీది నీళ్ల ట్యాంకు లాంటిదే. ఫ్లోటు పైకి తేలితే సూది పెట్రోల్ దారి మూస్తుంది, దిగితే తెరుస్తుంది. అక్కడి నుంచి వేర్వేరు జెట్ల గుండా పెట్రోల్ గాలిలో కలుస్తుంది. మెయిన్ జెట్ స్పీడ్‌లో పనిచేస్తుంది. ఐడిల్‌లో బండిని నిలబెట్టేది పైలట్ జెట్. చోక్‌కి మళ్లీ వేరే దారి ఉంటుంది. మా బండి చోక్ మీద మాత్రమే బతుకుతోందంటే పైలట్ జెట్ మూసుకుపోయిందని. మరి నేను స్ప్రే కొట్టాను కదా అంటారా? పైపైన కొట్టా, జెట్ విప్పలేదు. పాత పెట్రోల్ ఎండి బంక లాగా అయిపోతే ఆ స్ప్రే దాన్ని తాకను కూడా తాకదు.

జెట్ విప్పి ఫోన్ టార్చ్‌కి ఎదురుగా పెట్టి చూశా. వెలుగు రాలేదు. పిన్నీసుతో పొడవబోతే చాచా చెయ్యి పట్టుకున్నారు. ఇత్తడి మెత్తగా ఉంటుంది, ఇనుప సూది పెడితే రంధ్రం పెద్దదైపోతుంది, ఇక ఆ లెక్క ఎప్పటికీ కుదరదు. వైర్ ముక్కలోంచి ఒక్క రాగి పోగు తీసిచ్చారు. రాత్రంతా పెట్రోల్‌లో నానబెట్టి పొద్దున ఆ పోగుతో తీస్తే, సూదిమొనంత వెలుగు చుక్క కనిపించింది. మిక్స్చర్ స్క్రూని మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పా. అక్కడి నుంచి చెవితో సరిచేసుకోవాలి. ట్యాంకులోంచి తుప్పు చారెడు వచ్చింది. దాని సంగతి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది.

ఒక విషయం మాత్రం చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది. పుష్పక్ తయారైన రోజుల్లో ఎవరూ దీన్ని ఊహించి ఉండరు. అందుకే పెట్రోల్ పైపు కొత్తది వేయించా. వారం రోజులు బండి తీయనంటే కాక్ మూసేసి, దానంతట అది ఆగేదాకా నడిపి వదిలేస్తున్నా. కార్బొరేటర్ ఖాళీగా ఉంటే బంక పట్టదు.

27వ తేదీ సాయంత్రం రెండో కిక్‌కే లేచింది. చోక్ దించినా నిలబడింది. మోకాలి ఆపరేషన్ అయ్యాక నాన్న మెట్లు దిగడం తగ్గించారు. ఆ రోజు గోడ పట్టుకుని దిగొచ్చి, ‘‘రేస్ ఎక్కువియ్యకురా, ఆగిపోతది’’ అన్నారు. అమ్మ పైనుంచే ‘‘ఆ పొగ ఇంట్లోకి వస్తాంది’’ అంది.

ఆర్సీ గడువు ఎప్పుడో అయిపోయింది. 50 ఏళ్లు దాటిన బండినే మన చట్టం వింటేజ్ అంటుంది. మాది ఆ లెక్కకి ఇంకా చిన్నపిల్లే కాబట్టి మామూలు రెన్యువలే. ట్రాలీ ఆటోలో బండిని ఎక్కించి తీసుకెళ్లి, ఆ పని, ఇన్సూరెన్స్ రెండూ పూర్తి చేశాకే రోడ్డెక్కించా. తార్నాకకి మారాక మొదటి ఆదివారం నాన్నని వెనక కూర్చోబెట్టుకుని క్యాంపస్‌కి వెళ్లా.

ఆర్ట్స్ కాలేజీ ముందుకి రాగానే ఆగిపోయింది. పది నిమిషాలు కూర్చున్నాం. కిక్ కొడితే లేచింది. కాసేపటికి మళ్లీ ఆగింది. వేడెక్కితే కండెన్సర్ పోతోందేమో అని నేను ఫోన్ తీసి చాచాకి కలుపుతున్నా. నాన్న సీటెత్తి ట్యాంకు మూత తిప్పారు. ‘స్స్‌స్’ మని గాలి లోపలికి పోయింది. ఆయన మొహం మారిపోయింది.

ట్యాంకు మూతకి చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోల్ కిందికి దిగేకొద్దీ పైనుంచి గాలి రావాలి కదా. గాలి రాకపోతే కాసేపటికి పెట్రోల్ దిగడం ఆగిపోతుంది. మా మూత లోపల వాషర్ కింద నల్లటి పాలిథిన్ ముక్క ఒకటి గుండ్రంగా కత్తిరించి ఇరికించి ఉంది. నేను నాలుగుసార్లు పెట్రోల్ పోసి కూడా అది వాషర్‌లో భాగమే అనుకున్నా.

‘‘నేనే పెట్టిన’’ అన్నారు నాన్న. వాషర్ అరిగి, స్పీడ్ బ్రేకర్ దగ్గర పెట్రోల్ చిమ్మి, అమ్మ చీర ఖరాబైందట. అందుకని పెట్టారు. ఆ తర్వాతే బండి దారి మధ్యలో ఆగడం మొదలైంది. ఇంజిన్ అయిపోయిందనుకుని మెట్ల కింద పెట్టేశారు. నాలుగేళ్లు!

ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నాన్న ఆ ముక్క తీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

‘‘మీ అమ్మకి చెప్పకు’’ అన్నారు బండెక్కుతూ.