పిల్లిగారి విడిది

సంక్రాంతికి రైలు టికెట్లు దొరకడమే గగనం. హైదరాబాద్‌లో కొన్ని ఇళ్లకు ఇప్పుడు ఇంకో బుకింగ్ కూడా తోడైంది. ఇంట్లో పిల్లి ఉంది మరి. వెంట తీసుకెళ్దామంటే భీమవరం అమ్మమ్మగారింట్లో కుక్క, కోళ్లు, పాతికమంది చుట్టాలు. వదిలేసి వెళ్దామంటే నాలుగో అంతస్తు ఫ్లాటు, తాళం వేసిన తలుపు.

మన ముందుతరానికి ఈ బెంగ లేదు. పెంకుటింటి పిల్లి ఏ ఒక్కరిదీ కాదు. ఇంటివాళ్లు తిరుపతి వెళ్తే పక్కింటి వంటింట్లో తేలేది. అపార్ట్‌మెంటు పిల్లికి లోకమంటే రెండు బెడ్రూములు, వల కట్టిన బాల్కనీ. దానికోసమే నగరంలో క్యాట్ బోర్డింగులు వెలిశాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో వాటి పేజీలు చూస్తే ముచ్చటేస్తుంది: బొమ్మల గోడలు, ఏసీ గదులు, పుట్టినరోజు టోపీలు, ఫోన్లో చూసుకోడానికి కెమెరాలు. అన్నీ మన కళ్ల కోసమే. పిల్లికి కావాల్సినవి చాలా తక్కువ. దాక్కోడానికో మూల, ఎక్కి కూర్చోడానికో అరుగు, కుక్క అరుపు వినపడని గది, మీదపడి ముద్దులాడకుండా దూరం నుంచి కనిపెట్టుకుని ఉండే మనిషి.

అట్టపెట్టె ఖరీదెంత?

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. తిప్పుతుంది, నిజమే. తన ఇష్టం మీద, తాను చూసిపెట్టుకున్న చోటికి తిప్పుతుంది. మనం తిప్పితే ఒప్పుకోదు. సోఫా అంచుకీ, తలుపు మూలకీ బుగ్గలు రుద్ది తన వాసన పూసుకుంటుంది. ఆ వాసన ఉన్నంతమేరే దాని రాజ్యం. బోర్డింగులో దింపిన క్షణాన ఆ రాజ్యం పోతుంది.

తేరుకోడానికి ఎన్నాళ్లు పడుతుంది? స్విట్జర్లాండ్ పరిశోధకులు కెస్లర్, టర్నర్ 140 బోర్డింగు పిల్లుల్ని రెండు వారాలపాటు గమనించి, 1997లో ఫలితాలు ప్రచురించారు. మొదటి నాలుగు రోజుల్లో బెదురు బాగా తగ్గింది. మూడింట రెండొంతుల పిల్లులు బాగానే సర్దుకున్నాయి. మిగతావి ఇబ్బంది పడ్డాయి. వాటిలో కొన్ని, అంటే మొత్తంమీద నూటికి నాలుగు, చివరిదాకా కుదుటపడనేలేదు. దీన్నిబట్టి చూస్తే రెండ్రోజుల పెళ్లికి వెళ్తూ బోర్డింగులో దించడం దండగ. చోటు అలవాటయ్యేలోపే పిల్లి ఇంటికొచ్చేస్తుంది, పడాల్సిన కష్టమంతా మాత్రం పడే ఉంటుంది. అలాంటప్పుడు పూటకోసారి వచ్చి చూసిపోయే పక్కింటి పిన్నిగారే మేలు.

నెదర్లాండ్స్‌లో 2014లో ఇంకో పరిశోధన వచ్చింది. షెల్టర్‌కు కొత్తగా చేరిన పిల్లుల్లో కొన్నింటికి దాక్కునే పెట్టె ఇచ్చారు, కొన్నింటికి ఇవ్వలేదు. మూడో రోజుకే పెట్టె దక్కినవి బాగా నెమ్మదించాయి. పెట్టె అంటే పెట్టే, పెద్ద ఖర్చేమీ లేదు.

ఐటీ కారిడార్ పక్కన ఓ బోర్డింగులో స్టీలు పంజరాలు మూడు వరుసలుగా పేర్చి ఉన్నాయి. అడుగు వరుసలో ఓ బూడిదరంగు పర్షియన్ పిల్లి, మలమూత్రాలకని పెట్టిన లిట్టర్ ట్రేలోనే ముడుచుకుని పడుకుంది. ‘‘దానికి అక్కడే ఇష్టమండీ’’ అన్నాడు కుర్రాడు. ఇష్టం కాదు బాబూ! ఆ పంజరం మొత్తంలో దాని సొంత వాసన ఉన్నది అక్కడొక్కచోటే. చుట్టూ అంచు ఉండి, కాస్త చాటు దొరికేదీ అక్కడే. వెళ్లి చూసేటప్పుడు ఇలా ట్రేలో పడుకున్న పిల్లి కనిపిస్తే మిగతా ప్రశ్నలు అడగక్కర్లేదు.

ఫినాయిల్ గుప్పుమంటే...

తలుపు తీయగానే ఫినాయిల్ వాసన వస్తే ‘శుభ్రంగా ఉంచుతున్నారు’ అనుకోవడం మనకు అలవాటు. పిల్లుల దగ్గర మాత్రం ఆ వాసనకు వెనక్కి తిరగాలి. ఫినాల్ జాతి రసాయనాల్ని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడినేల మీద నడుస్తుంది, ఆనక పాదాలు నాక్కుంటుంది. పైగా పిల్లులు పెంచేవాళ్లందరూ భయపడే పాన్‌ల్యూకోపీనియా వైరస్ ఫినాయిల్‌ను లెక్కచేయదు. పార్వో కుటుంబానికి చెందిన ఈ వైరస్ నేల మీద, గిన్నెల మీద ఏడాదిదాకా బతకగలదు. దానికి మందు బ్లీచు. ముందు సబ్బుతో మురికి వదిలించి, బ్లీచు కలిపిన నీళ్లతో తడిపి పది నిమిషాలు ఉంచి, మళ్లీ కడిగి ఆరబెట్టాలి. ‘ఒక పిల్లి వెళ్లాక గది ఎలా కడుగుతారు?’ అని అడగండి. జవాబు తడుముకోకుండా వస్తే సగం నమ్మొచ్చు.

మిగతా సగం టీకాల దగ్గర తేలుతుంది. మీ పిల్లి టీకా పుస్తకం అడక్కుండానే ‘తీసుకొచ్చేయండి మేడమ్’ అన్నారంటే, లోపలున్న పిల్లులన్నీ అలాగే వచ్చాయన్నమాట. పాన్‌ల్యూకోపీనియాకూ పిల్లి జలుబుకూ కలిపి వేసే ట్రైక్యాట్, రేబిస్ టీకా రెండూ ఉండాలి. బూస్టరు బాకీ ఉంటే ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే వేయించాలి. ఇంత చేసినా జలుబు రావచ్చు. జలుబు తెచ్చే హెర్పిస్ వైరస్ ఒకసారి సోకితే పిల్లి ఒంట్లోనే నక్కి ఉంటుంది, బెదురు పుట్టినప్పుడు తల ఎత్తుతుంది. అందుకే పిల్లికీ పిల్లికీ మధ్య ఎడం కావాలి. ఇంగ్లండ్‌లో 2018 నిబంధనల ప్రకారం బోర్డింగుకు లైసెన్సు తప్పనిసరి. వేర్వేరు ఇళ్ల పిల్లుల్ని ఒకే గూటిలో ఉంచకూడదు. గూళ్ల మధ్య తుమ్ము తుంపర దాటని అడ్డు గానీ, 60 సెంటీమీటర్ల ఎడం గానీ ఉండాలి. మన దగ్గర 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది. కదలడానికి చాలని పంజరంలో పెట్టడం దాని 11వ సెక్షన్ కింద నేరమే. మొదటిసారి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 దాకా! కాబట్టి ఇక్కడ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం మీదే. కిటికీలు కూడా చూడండి. పావురాలకు కట్టే నైలాన్ వల పిల్లి పళ్లకు ఆగదు, స్టీలు జాలీ ఉండాలి. ఒక తలుపు మూశాకే ఇంకోటి తెరిచే ఏర్పాటు ఉంటే మరీ మంచిది.

అన్ని పిల్లుల్నీ కలిపి వదిలే ‘ప్లే ఏరియా’ను గొప్పగా చూపిస్తారు. ముక్కూమొహం తెలియని పిల్లులతో ఆడుకోవాలని ఏ పిల్లీ కోరుకోదు. వీడియోకు బాగుంటుంది, అంతే.

గడ్డల లెక్క

నాకు నచ్చిన చోట ఏసీ కంటే ముందు తలుపుకు వేలాడే అట్ట కనిపించింది. ‘ఉదయం 8: డ్రై ఫుడ్ 20 గ్రా. పెట్టాం, 12 తింది. మూత్రం 2 గడ్డలు. మలం లేదు.’ తడవగానే గడ్డకట్టే లిట్టర్ వాడతారు కాబట్టి లెక్క తేలుతుంది. ఈ లెక్క చాదస్తం కాదు. బొద్దుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు ముద్ద ముట్టకపోతే ఒంట్లో కొవ్వు కాలేయానికి చేరి ప్రాణం మీదికొస్తుంది. మగపిల్లి పదేపదే ట్రేలో కూర్చుంటున్నా చుక్క రావడం లేదంటే, తెల్లారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. అర్ధరాత్రి ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఎవరు తీసుకెళ్తారు, మీ ఫోను కలవకపోతే ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు... ఇవి కాగితం మీద ఉండాలి.

కూతురి పురుడుకని ఆర్నెల్లు అమెరికా వెళ్లే అమ్మానాన్నల సంగతి వేరు. అంతకాలం ఎంత మంచి బోర్డింగైనా చెరసాలే. తెలిసినవాళ్ల ఇంట్లో, వేరే జంతువులు లేనిచోట ఉంచడం నయం.

ఇక పిల్లిని మోసుకెళ్లే క్యారియర్. అది అటక దిగేది డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడే కాబట్టి, దాన్ని చూడగానే మన పిల్లి తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలను చూసి పారిపోయినట్టు మంచం కిందికి దూరుతుంది. పండక్కి మూడు వారాల ముందే దించి, తలుపు తీసి హాల్లో పెట్టి, లోపల తిండి పెడుతుండండి. వెళ్లేటప్పుడు అది రోజూ పడుకునే దుప్పటిని ఉతక్కుండా సర్దండి. తిండి, లిట్టర్ కూడా ఇంటివే పంపండి.

తిరిగొచ్చాక ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే, రెండింటినీ ఒకటి రెండు రోజులు వేరువేరు గదుల్లో ఉంచాలి. వేరే వాసనతో వచ్చిన తోటిపిల్లిని పోల్చుకోలేక బుసకొడుతుంది. రెండు వారాల్లోపు తుమ్ములు, కళ్లు కారడం మొదలైతే డాక్టరుకు చూపించండి. బోర్డింగుకు కూడా ఫోన్ చేసి చెప్పండి. ఆ పక్క గూటిలో ఉన్న పిల్లి ఎవరింటికి వెళ్లిందో వాళ్లకు తెలుసు.