చేవెళ్ల దారిలో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బైక్: కిలోమీటరుకు ఎంత?

చేవెళ్ల నుంచి హైదరాబాద్ అంచులోని అప్పా జంక్షన్‌కు దాదాపు 30 కిలోమీటర్లు. పోయి వస్తే 60. నెలకు 25 పనిదినాలు వేసుకుంటే 1,500, ఏడాదికి 18,000 కిలోమీటర్లు. అప్పా దాటి నార్సింగి, గచ్చిబౌలి వైపు పోయేవాళ్లకు ఇంకా ఎక్కువే. మొయినాబాద్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు, సిటీలో ఉద్యోగం చేసుకుని రాత్రికి ఊరు చేరే కుర్రాళ్లు ఈ దారిలో పాత స్పోర్ట్స్ బైకుల మీద చాలామందే కనిపిస్తారు. కొత్త బండి ధరలో సగానికే వస్తోంది కదా అని కొంటారు. ఆ సగం ధర మొదటి రోజుకే సరిపోతుంది. ఏడాదికి 18,000 కిలోమీటర్లు తిరిగే బండి అసలు ఖరీదు తిరుగుతున్నకొద్దీ బయటపడుతుంది.

ముందు పెట్రోలు సంగతి. 2025లో హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయల చిల్లర. చిల్లర వదిలేసి 107కే లెక్క కడదాం. 100 సీసీ మామూలు బండి 60 మైలేజీ ఇస్తే కిలోమీటరుకు రూ.1.78 పడుతుంది. బాగా చూసుకున్న యమహా ఆర్15 మీద 42 వస్తే రూ.2.55. కేటీఎం ఆర్‌సీ 200 మీద 35 వస్తే రూ.3.06. అదే కంపెనీ ఆర్‌సీ 390 మీద 26 వస్తే రూ.4.12. మన 18,000 కిలోమీటర్లకు ఇది వరుసగా 32,100, 45,900, 55,000, 74,000 రూపాయలు. అంటే ఆర్15 బదులు 390 తీసుకున్నవాడు పెట్రోలుకే ఏడాదికి 28 వేలు అదనంగా పెడతాడు. ‘ఇంకో నలభై వేలు వేస్తే 390 వస్తదన్నా’ అని అమ్మేవాడు ఊరిస్తే, ఆ నలభై వేలు ప్రతి ఏడాదిన్నరకోసారి మళ్లీ కడుతూనే ఉండాలని గుర్తుపెట్టుకోవాలి.

అంత పెట్టి కొన్న బలం ఈ దారిలో ఎంత వాడతాం? మనిషితో కలిపి 210 కిలోల బరువున్న బైకు చదును రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగం నిలబెట్టుకోవడానికి, గాలి ఒత్తిడి, టైర్ల రాపిడి కలిపి లెక్కిస్తే, సుమారు 5 హార్స్‌పవర్ చాలు. 120కి వెళ్లాలంటే 14 దాకా కావాలి, ఎందుకంటే గాలిని చీల్చే బలం వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది. ఆర్15లో రకాన్ని బట్టి 17 నుంచి 19, ఆర్‌సీ 200లో 25, 390లో 43 హార్స్‌పవర్ ఉంటాయి. ఓవర్‌టేక్ చేసే నాలుగైదు క్షణాల్లో మిగులు బలం అక్కరకొస్తుంది, కాదనలేం. మిగతా సమయమంతా అది ట్రాక్టరు వెనక రెండో గేరులో వేడెక్కుతూ ఉంటుంది. ఇది ఇప్పటి గొడవ కూడా కాదు. ఎస్కార్ట్స్ కంపెనీ 1983లో తెచ్చిన రాజ్‌దూత్ 350కి 30 హార్స్‌పవర్ బలం ఉండేది. మైలేజీకి, స్పేర్ పార్టులకు జనం భయపడ్డారు, ఆ దశాబ్దం గడిచేసరికి తయారీయే ఆగింది. ఇవాళ పాత బండ్ల ప్రేమికులు అదే బండికి లక్షలు పెడుతున్నారు, కానీ రోజూ ఆఫీసుకు పోవడానికి కాదు.

2008లో వచ్చిన ఆర్15 ఆ భయాన్ని చాలావరకు పోగొట్టింది. 149.8 సీసీ ఇంజినుకే లిక్విడ్ కూలింగ్, ఫ్యూయల్ ఇంజెక్షన్, ఆరు గేర్లు పెట్టి మధ్యతరగతి ఇంటి ముందు ఫుల్ ఫెయిరింగ్ బండిని నిలబెట్టింది. చేవెళ్ల దారికి నా ఓటు ఇప్పటికీ 150 నుంచి 200 సీసీ లోపు బండికే. ఒక్క మాట: 2008, 2011 మధ్య అమ్ముడైన మొదటి రకం ఆర్15లకు 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు అయిపోయింది, లేదా అయిపోవస్తోంది. రెన్యువల్ చేయించని బండి ఎంత చవకగా వచ్చినా ముట్టుకోవద్దు.

ఇక రోడ్డు. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వైపు పోయే ఈ 163వ నంబరు జాతీయ రహదారిలో అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల నాలుగు వరుసల విస్తరణ భూసేకరణతో, వందలాది మర్రిచెట్ల మీద నడిచిన వివాదంతో ఏళ్ల తరబడి నానింది. 2025 నవంబర్ 3 ఉదయం చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. బస్సులో కూర్చున్నవాళ్ల మీద కంకర కుప్పపడింది. అంత పెద్ద బస్సుకే ఆ గతి పట్టిన దారిలో ఇనుప కవచం లేని బండి మీద పోతున్నామన్న ఎరుకతోనే ఇక్కడ వేగం లెక్కలు వేసుకోవాలి.

గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదురుగా అడ్డం కనిపించి చెయ్యి బ్రేకు మీదికి పోయేలోపు ఒకటిన్నర సెకను గడుస్తుంది. అప్పటికే 25 మీటర్లు పోతాం. మంచి టైర్లు, పొడి రోడ్డు ఉంటే ఆగడానికి ఇంకో 20 మీటర్లు. మొత్తం 45. అదే 90లో వస్తే ముందు 37, తర్వాత 45, మొత్తం 82 మీటర్లు దాటుతుంది. రోడ్డు మీద టిప్పరు రాల్చిన సన్న కంకరో, మక్కలు ఆరబోసిన చోట మిగిలిన గింజలో ఉంటే బ్రేకు పట్టు సగానికి దగ్గరగా పడిపోయి, 90లో ఆగే దూరం 115 మీటర్లకు పోతుంది. రాత్రిపూట వెనక లైటు లేని ట్రాలీ అంతదూరంలో కనిపించదు. పిల్లలకు బండి కొనిచ్చే తల్లిదండ్రులు ఈ లెక్కను వాళ్లతో పక్కన కూర్చుని ఒక్కసారి కట్టించాలని నా కోరిక.

అందుకే పాత బండిలో నేను ముందు చూసేది ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ 1 నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకు 2019 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి అయింది. తయారీ 2019 ఏప్రిల్ తర్వాతిదైతే ఏబీఎస్ ఉన్నట్టే. అంతకుముందు ఏడాది బండి పదివేలు తక్కువకు వచ్చినా ఈ దారికి నేను వద్దనే అంటాను. ఇంకో సంగతి, ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన దారి మీదికి బైకుల్ని రానివ్వరు. ఆరో గేరులో హాయిగా పోదామనుకున్నవాడు సర్వీసు రోడ్డులో స్పీడు బ్రేకర్లు లెక్కపెట్టుకుంటూ పోవాల్సిందే. పాత ఆర్‌సీ 200 కింద జాగా తక్కువే. వెనక మనిషి కూర్చుంటే ఊళ్లలో పోసిన ఎత్తు బ్రేకర్లకు పొట్ట తగులుతుంది.

వెనక కూర్చునే మనిషి సంగతి బేరంలో ఎవరూ ఎత్తరు. ఆర్15 మూడో రకం మీద నడిపేవాడి సీటే 815 మిల్లీమీటర్ల ఎత్తు, వెనక సీటు దానికంటే ఇంకా పైన. అమ్మనో, భార్యనో ఎక్కించుకుని చిలుకూరు గుడికి పోవాలంటే పట్టుకోవడానికి పిడి ఉండాలి, చీర చక్రంలో పడకుండా గార్డు ఉండాలి. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వది ఈ రెండూ ఉండాలనే చెబుతుంది. ‘లుక్’ కోసం చీర గార్డు ఊడదీసి ఇంట్లో పడేసినవాళ్లు ఎక్కువ. బేరం కుదిరేలోపే అది అడిగి తెచ్చుకోవాలి. నడిపేవాడికి ముందుకు వంగి కూర్చోవడం అరగంటకు బాగానే ఉంటుంది, గంటకు మణికట్లు మొరాయిస్తాయి. ఏప్రిల్, మే ఎండల్లో రేడియేటర్ ఫ్యాను వేడిగాలి తొడల మీదికి కొడుతుంది, పెద్ద ఇంజినుకు ఇంకా ఎక్కువ.

‘సింగిల్ ఓనర్ బండి అన్నా, చదువుకునే పిల్లగాడు నడిపిండు, గీత పడలే’ అనే మాట ప్రతి అమ్మకంలో వినిపిస్తుంది. నోటితో చెప్పింది వదిలి బండినే అడగాలి. మనం వెళ్లేసరికే ఇంజిను వేడిగా ఉంటే, చల్లారేదాకా ఆగి మళ్లీ స్టార్ట్ చేయించాలి. చల్లని ఇంజిను తొలి నిమిషంలో చేసే చప్పుడు, వదిలే పొగ దాని ఆరోగ్యాన్ని చెబుతాయి. హ్యాండిల్ పూర్తిగా ఓ పక్కకు తిప్పి, స్టీరింగ్ కింద ఫ్రేముకు తగిలే చిన్న ఇనుప మొలకను టార్చి వేసి చూడండి. అది వంగినా, నలిగినా, దాని మీద కొత్త పెయింట్ ఉన్నా బండి గట్టిగా పడిందన్నమాట, పైన ఫెయిరింగ్ ఎంత మెరిసినా సరే. ముందు షాకప్స్ గొట్టాల మీద వేలు పెట్టి రాస్తే నూనె అంటుకుంటే సీలు పోయింది. ముందు చక్రం నేల మీంచి లేపించి హ్యాండిల్ మెల్లగా తిప్పినప్పుడు నడిమధ్య ఎక్కడో పట్టేసినట్టుంటే కోన్ సెట్టు అరిగింది. వెనక చైన్ చక్రం పళ్లు రంపం మొనల్లా ఒకవైపు వంగి ఉంటే కిట్టు మొత్తం మార్చాలి.

టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు అచ్చేసి ఉంటాయి. 3219 అని ఉంటే 2019లో 32వ వారం తయారీ. మీటరు 12,000 కంటే బాగా తక్కువ చూపిస్తోంది, వెనక టైరు మాత్రం బండి కంటే రెండేళ్లు చిన్నది అనుకోండి. ఆ అంకెలు రెండూ పొసగవు. మెత్తని రబ్బరు వెనక టైరు 12 నుంచి 18 వేల కిలోమీటర్లు మన్నుతుంది కాబట్టి, మొదటి టైరు అప్పటికే అరిగిందంటే మీటరు వెనక్కి తిరిగి ఉండాలి, లేదా బండిని స్టంట్లకు వాడి ఉండాలి. మన 18,000 లెక్కలో వెనక టైరు ఏడాదికొకటి. చైన్‌కు ప్రతి 500 కిలోమీటర్లకు నూనె వెయ్యాలంటే నెలకు మూడుసార్లు కూర్చోవాలి. మర్రిచెట్ల కింద దుమ్ములో తిరిగే బండికి ఇందులో మినహాయింపు లేదు.

ఇన్సూరెన్సులో సీసీ గీత ఎంత పదునైనదో చాలామందికి తెలియదు. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం 75 నుంచి 150 సీసీ వరకు ఏడాదికి రూ.714, 150 నుంచి 350 వరకు రూ.1,366, ఆపైన రూ.2,804, వీటి మీద 18 శాతం జీఎస్టీ. పాత ఆర్15 149.8 సీసీ కాబట్టి 714 దగ్గర ఆగుతుంది. 2018 నాటి మూడో రకం 155 సీసీ, ఐదు సీసీలకే దాదాపు రెట్టింపు. 373 సీసీ 390 అందరికంటే పైన. మరీ ముఖ్యమైనది సొంత డ్యామేజీ. స్పోర్ట్స్ బైకు చుట్టూ ఉండేదంతా ప్లాస్టిక్కు, అది నిలబడిన చోటే పడినా పగులుతుంది. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు క్లెయిములో 50 శాతం కోస్తారు. ఈ కోత లేని జీరో డిప్ కవర్ ఇస్తామంటే తీసుకోవడం మంచిది, వయసు మీరిన బండికి దాన్ని ఇవ్వరు. 2018 సెప్టెంబర్ తర్వాత కొన్న బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ముందే కట్టి ఉంటుంది. ‘ఇన్సూరెన్సు ఉంది’ అంటే అదొక్కటే ఉందా, సొంత డ్యామేజీ కూడా ఉందా అడగాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ అతని వెంటే పోతుంది, మనకు సున్నా నుంచి మొదలు.

ఇక కాగితాలు. ఫారం 29, 30 మీద సంతకాలు, లోనుంటే ఫైనాన్సు కంపెనీ ఇచ్చే ఫారం 35 తీసుకోవాలి. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. పాలసీ కూడా 14 రోజుల్లో మన పేరు మీదికి రావాలి, లేకుంటే సొంత డ్యామేజీ క్లెయిము తిరగ్గొడతారు. డబ్బులిచ్చే ముందే నంబరు కొట్టి పెండింగ్ చలాన్లు చూసుకోవాలి, అవి బండి నంబరుతోనే వస్తాయి. పెద్ద శబ్దం చేసే సైలెన్సరు బిగించి ఉంటే కంపెనీది వెనక్కి పెట్టించాలి, 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పు ఒక్కోదానికి ఓనరు మీద 5,000 జరిమానా దాకా ఉంది.

చివరగా బేరం. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు కొత్త బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆపైన 40కి పెరిగింది. పాత ఆర్15, ఆర్‌సీ 200, అపాచీ ఆర్ఆర్ 310 అమ్మేవాడు అంతకుముందు షోరూం ధర చూపించి బేరమాడితే ఒప్పుకోవద్దు. ఇవాళ్టి కొత్త ధర అడిగి, అక్కడి నుంచి కిందికి దిగాలి. అలా మిగిలిన డబ్బులో మొదటి వాటా రెండు టైర్లకు, బ్రేకు ప్యాడ్లకు, ఐఎస్ఐ గుర్తున్న ఫుల్ హెల్మెట్లు రెండింటికి తీసి పెట్టండి, వెనక కూర్చునేవాళ్లకు కూడా ఒకటి.