మీకు తెలుసా? మంచు మీద ఆక్టోపస్!

అమెరికాలోని డెట్రాయిట్ ఐస్ హాకీ జట్టు రెడ్ వింగ్స్ గెలవాలని అభిమానులు ఆటస్థలంలోకి ఆక్టోపస్‌లను విసురుతారు! బొమ్మలు కాదు, చేపల దుకాణంలో కొన్న అసలు ఆక్టోపస్‌లే.

1952 ఏప్రిల్ 15న చేపల వ్యాపారులైన పీట్, జెర్రీ కుసిమానో అన్నదమ్ములు ఈ ఆనవాయితీకి నాంది పలికారు. అప్పట్లో ఛాంపియన్ జట్టుకు ఇచ్చే స్టాన్లీ కప్ దక్కాలంటే ప్లేఆఫ్స్‌లో 8 విజయాలు కావాలి. ఆక్టోపస్ చేతులూ ఎనిమిదే! ఆ ఏడాది రెడ్ వింగ్స్ ఒక్క ఓటమీ లేకుండా ఎనిమిదింటికి ఎనిమిదీ గెలిచింది. గోల్‌కీపర్ టెర్రీ సాచక్ అయితే సొంతగడ్డపై ఆడిన నాలుగు మ్యాచ్‌ల్లోనూ ఒక్క గోల్ ఇవ్వలేదు. ఎంత అద్భుతమైన ఆట!

డెట్రాయిట్ కార్ల నగరం కాబట్టి జట్టు జెర్సీ మీద రెక్కలున్న చక్రం ఉంటుంది. మస్కట్ మాత్రం ఊదారంగు ఆక్టోపస్ ‘ఆల్’. మంచు మీద పడిన ఆక్టోపస్‌లను ఏళ్ల తరబడి ఏరి తీసిన స్టేడియం ఉద్యోగి ఆల్ సొబోట్కా పేరే దానికి పెట్టారు.