హేడ్రియను గోడ వెంట ఒకనాడు

ఇంగ్లండు ఉత్తరసీమలో, తూర్పున టైను నది యొడ్డు మొదలు పడమట సాల్వే సముద్రశాఖ వరకు, 73 మైళ్ల పొడవున ఒక ప్రాచీన కుడ్యము కలదు. రోమక చక్రవర్తి హేడ్రియను క్రీ.శ. 122లో బ్రిటను ద్వీపమునకు వచ్చిన తరుణమున దీని నిర్మాణము మొదలైనది. దక్షిణాపథమున శాతవాహనులు ఏలుచున్న కాలమది. గోడ పొడవునను నడచుటకై 2003లో కాలిబాట ఏర్పడినది. అంతయు నడువ వారమైనను పట్టును; ఒక్క దినమే చిక్కినవాడు చోలర్‌ఫర్డు గ్రామము నుండి స్టీల్‌రిగ్ వరకు గల 12 మైళ్లను ఎన్నుకొనుట మేలు.

బయలుదేరుటకు ముందు ఆ గ్రామమునకు కొంచెము తూర్పున ప్లేన్‌ట్రీస్ అనుచోట మిగిలిన గోడముక్కను చూడవలెను. పచ్చికబయలులో కొలది గజముల రాతికట్టు. చూపునకు గొప్పది కాదు. అందు పునాది వెడల్పు, పైగోడ సన్నము. పది రోమక అడుగుల మందమున కట్టదలచి పునాదులు వేసి, పిదప మందము తగ్గించిరి. ప్రభుత్వపు పనులలో పొదుపు నాడును ఉండెను కాబోలు!

ఈ ముక్కకొక కథ కలదు. విలియం హట్టన్ అను వృద్ధుడు 1801లో, తన 78వ యేట, బర్మింగ్‌హాము నుండి బయలుదేరి, గోడ వెంట ఈ కొస నుండి ఆ కొసకు పోయి, మరల వచ్చి, కాలినడకనే ఇల్లు చేరెను. మొత్తము సుమారు 600 మైళ్లు. ఆయన ఇచ్చటికి వచ్చుసరికి ఒక భూస్వామి ఇల్లు కట్టుకొనుటకై గోడను విప్పించుచుండెను. యజమాని ఎదుట లేడు. హట్టన్ పనివానితోనే మాటాడి, ఇక విప్పవలదని యజమానికి విన్నపమంపెను. మిగిలినది దక్కినది.

ఆ భూస్వామి నొక్కనినే నిందింపరాదు. రోమకులు విడిచిపోయిన పిమ్మట శతాబ్దుల తరబడి ఈ గోడ ఊరందరి రాతిగనియే. చర్చీలు, ఇండ్లు, పశువుల దొడ్లు దీని రాళ్లతో లేచినవి. 1745 నాటి తిరుగుబాటు తరువాత ప్రభుత్వమే, సేనలు కదలుటకు బాట వేయించుచు, పలు మైళ్ల గోడను పడగొట్టించి అడుగున పరపించెను. నేటి బాటసారి ప్రక్కన మోటారులు పరుగెత్తు రహదారి కడుపులో ఆ రాళ్లే ఉన్నవి.

లైమ్‌స్టోన్ కార్నర్ వద్ద కందకము సగములో నిలిచిపోయినది. పేరు సున్నపురాయిది, ఉన్నది మాత్రము కఠినమైన నల్లశిల. మేకులు దింపుటకు తొలిచిన గుంటలు ఒక పెద్దబండపై నేటికిని కనుపించును; పగులగొట్టలేక సైనికులు విడిచిరి. మరికొంత దూరమున, 1949లో బయల్పడిన మిథ్ర దేవాలయము చిన్నదిగా, నేలకు ఆనుకొని యున్నది. ఈ మిథ్రుని నామము వేదములలోని మిత్రునికి జ్ఞాతి యనుట భాషాశాస్త్ర విద్యార్థులకు తెలిసిన విషయమే. ఆ పేరు అంత చలిదేశమున శిలపై చదువుట వింతగా నుండును.

ఇచటి నుండి బాట కొండచరియ లెక్కును. ఉత్తరమున నిటారుగా తెగిన శిల, దాని అంచున గోడ. చిత్రపటములలో అందరును చూచునది ఈ భాగమే. కాని ఇది నిలిచియున్నది రోమకుల బలము చేతనే కాదు. న్యూకాసిలు పురపాలక కార్యదర్శి జాన్ క్లేటన్ (1792-1890) గోడ వెంట ఉన్న పొలములను 1834 నుండి ఒకటొకటిగా కొని, పడిన రాళ్లను మరల పేర్పించెను. సున్నము లేక పేర్చి, పైన పచ్చికగడ్డలు కప్పిన ఆ కట్టడమును రోమక నిర్మాణమనరాదని పండితులు గొణుగుదురు. ఆయన కొనకున్న గొణుగుటకైనను ఏమి మిగిలెడిది?

హౌస్‌స్టెడ్సు కోటలో నేటి బెల్జియము ప్రాంతపు తుంగ్రి జాతివారు, సుమారు 800 మంది, కాపుండిరి. వారి మరుగుదొడ్లలో నీరు పారిన కాలువలు ఇప్పటికిని స్పష్టముగ నున్నవి.

కోట దాటినపిదప రెండు దిబ్బల నడుమ పల్లములో ఒక సికమోరు వృక్షము ఒంటిగా నుండెడిది. 2023 సెప్టెంబరు 27, 28 తేదీల నడిమి రాత్రి దానిని రంపముతో కోసివేసిరి. చెట్టు గోడపైననే పడి రాళ్లు దెబ్బతినినవి. 2025లో ఇరువురికి నాలుగేండ్లకు పైబడిన శిక్ష పడినది. అంతకు ముందే, 2024లో, ఆ మోడు అడుగున చిగుళ్లు వెడలినవి. అచటి నుండి స్టీల్‌రిగ్ సుమారొక మైలు. దారి ఎగుడుదిగుడు, రాతిమెట్లు నిటారు, కావున వెలుగుండగనే చేరవలెను.