గాలి శుభ్రపడితే ఇంటికి మిగిలేదెంత?

డిశ్చార్జి రోజున మీలో చాలామంది అడిగే మాట, "సిస్టర్, బిల్లు ఎంతయింది?" అని. కానీ ఉబ్బసం, ఆయాసం వల్ల మీ ఇంటికి జరిగే నష్టమంతా ఆ బిల్లులో కనపడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటాయన కూలి రోజుకు 600 రూపాయలు అనుకోండి. ఆయాసంతో ఐదు రోజులు మంచం పడితే 3,000 రూపాయలు పోయినట్లే. పక్కన కూర్చున్న భార్య రోజుకు 400 సంపాదించే మనిషైతే మరో 2,000. ఆటో ఖర్చు, టిఫిన్లు, అప్పు మీద వడ్డీ వేరు. గాలి శుభ్రపడితే కలిగే లాభమని నిపుణులు లెక్కగట్టేది ఇలా పోకుండా మిగిలిన కూలిని, మందుల ఖర్చును, అన్నిటికన్నా ఎక్కువగా అకాలంగా పోకుండా నిలిచిన ప్రాణాలను. ప్రాణానికి వెల ఏమిటి అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపిస్తుంది. కానీ రాయకపోతే ఆ గడిలో సున్నా ఉంటుంది.

డీజిలు పొగ, చెత్త మంటల్లో ఉండే అతి సన్నని ధూళి మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు. ముక్కు దాన్ని ఆపలేదు. ఊపిరితిత్తుల లోతుకు చేరి, కొంత రక్తంలోనూ కలుస్తుంది. అందుకే ఇది దగ్గుతో ఆగదు. గుండెపోటుకూ, పక్షవాతానికీ కారణమవుతుంది.

మరి గాలి బాగుపడితే జబ్బులు నిజంగా తగ్గుతాయా? ఊరంతా పొగ ఆపి పరీక్షించడం ఎవరికీ సాధ్యం కాదు. అయితే అమెరికాలోని యూటా లోయలో అనుకోకుండా అలాగే జరిగింది. కార్మిక వివాదంతో 1986 ఆగస్టులో ఒక ఉక్కు కర్మాగారం మూతపడి, ఏడాదికి పైగా ఆగి, మళ్ళీ మొదలైంది. అది నడిచిన కాలంలో బడి ఈడు రాని పిల్లలు ఉబ్బసం, శ్వాసనాళాల వాపుతో ఆసుపత్రిలో చేరడం, మూసి ఉన్న కాలంకన్నా దాదాపు రెట్టింపు ఉంది.

1990లో ఆ దేశం తన గాలి చట్టాన్ని గట్టిపరచింది. దానివల్ల 2020 నాటికి కలిగే లాభం ఖర్చుకు సుమారు 30 రెట్లని అక్కడి పర్యావరణ సంస్థ 2011లో అంచనా వేసింది. మన దేశంలో గాలి కాలుష్యం వల్ల 2019లో 16.7 లక్షల మంది చనిపోయారనీ, నష్టం సుమారు 2,60,000 కోట్ల రూపాయలనీ శాస్త్రవేత్తలు 2020లో తెలిపారు. అందులో ముప్పాతికకు పైగా అకాల మరణాల వల్లే. కట్టెల పొయ్యి పొగ కూడా ఈ లెక్కలో ఉంది.

ఇంటికి వెళ్ళాక డాక్టరుగారు రాసిన ఇన్‌హేలరు మీ అంతట మీరు ఆపకండి. "తగ్గిందిగా" అని మానేసి, మళ్ళీ అర్ధరాత్రి పరుగెత్తుకొచ్చేవాళ్ళను చూస్తూనే ఉంటాం. మీ వీధిలో చెత్త తగలబెట్టనివ్వకండి. బండికి పొల్యూషన్ పరీక్ష చేయించండి. ఇంకొక పని. క్యాలెండరు మీద ఆయాసం వచ్చిన రోజులు, పోయిన కూలి, పిల్లలు బడి మానిన రోజులు గుర్తు పెట్టండి. చెత్త మంటల గురించి మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళేటప్పుడు, నలుగురు ఇరుగుపొరుగువారితో కలిసి ఆ క్యాలెండర్లు కూడా తీసుకెళ్ళండి.