నేలసంపెంగ కుదురు

నేలసంపెంగ మొదటి రెండేండ్లు నిండుగా పూచి, మూడవ యేట సన్నని కాడలు రెండుమూడిచ్చి, పిమ్మట ఒట్టి ఆకుల గుబురై నిలుచును. గొడ్డువోయినదని ఇల్లాలు విసుగుకొని దానిని పెఱికి పెంటప్రోగున వేయించును. ఆ ప్రోగులో రాబోవు నాలుగేండ్ల పూవులున్నవని సోదరీమణులకు మనవి.

మల్లెవలె ఇది యేటేట అదే కొమ్మకు పూచునది గాదు. ఒక్కొక్క దుంప తన జీవితమున ఒక్కమారే పూవుకాడ వేయును. అప్పటికి దాని చుట్టును పిల్లదుంపలు పుట్టియుండును. మఱుసటి పూవులు వానివే. విడదీయనిచో అవి క్రిక్కిరిసి, ఒకదాని కూడు మఱియొకటి లాగికొనుచు, ఏదియు పూచునంత బలియదు. కావున మూడేండ్లకొకసారి కుదురు విప్పవలెను. అన్నియు ఒక్కమాఱు త్రవ్వక, ఏటికి కొన్ని చొప్పున త్రవ్వినచో పెరటిలో పూవులకు లోటుండదు.

చలికాలమున ఆకులు పండబాఱగనే నీరు మానవలెను. మాఘమాసమున కుదురును పెకలించి, మన్ను దులిపి, దుంపలను నీడపట్టున కొన్నాళ్లు ఆరనీయవలెను. అంగుళము లావుగలవి ఆ యేడే పూచును. గోళీలంతటి చిన్నవానిని వేఱొక మూల పాతినచో పై యేటికి బలియును. ఫాల్గుణ చైత్రములలో, ఎండ తగులు చోట, జానెడు దూరమునకొకటిగా, కొన మన్నుతో కప్పబడునంత లోతున నాటవలెను. మొలక రాకముందే నీరెక్కువైనచో దుంప కుళ్లును. మొలచిన పిమ్మట దప్పి గొననీయరాదు. బియ్యము కడిగిన నీరు పోసినను మంచిదే. మూడునాలుగు నెలలకు, అనగా జ్యేష్ఠాషాఢములలో, కాడలు లేచును. కదల్పని పాతకుదుళ్లు వేసవి నడుమనే పూచుట కలదు. వేళ్లపై బుడిపెలు కనబడినచో అది నులిపురుగుల పని. ఆ చోటు విడిచి, అక్కడ ఒక యేడు బంతి వేయవలెను.

పేరున సంపెంగయే గాని, సంపెంగచెట్టుతో దీనికి చుట్టఱికమే లేదు. మెక్సికో దేశమునుండి వచ్చిన మొక్క ఇది. ముండ్లకంచెగా వేయు కిత్తనారకు దగ్గఱి బంధువనిన నమ్మశక్యము గాదు. అయినను శాస్త్రజ్ఞులు దీనిని ఆ జాతిలోనే చేర్చిరి. రాత్రివేళ తిరుగు రెక్కలపురుగులను పిలుచుటకే తెల్లదనమును, చీకటిపడిన కొలది హెచ్చు పరిమళమును దీనికి కలిగినవి.

బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు శృంగార అను ఒంటిరెక్క రకమును, సువాసిని అను ముద్దరకమును సృష్టించిరి. ముద్దపూవు కంటికింపే; కాని దండకును వాసనకును ఒంటిరెక్కదే మేలని మా యభిప్రాయము. కోసిన పిమ్మటను పూవు పరిమళమును పుట్టించుచునే యుండును గనుక, దండకు విచ్చనున్న మొగ్గలనే తెల్లవాఱుజామున కోయవలెను. గదిలో నుంచుకొను కాడనైనచో, అడుగుపూవులు ఒకటిరెండు విచ్చగనే కోసి నీటిలో నిలుపవలెను. పూవులు అడుగునుండి పైకి వరుసగా విచ్చును. దినదినము నీరు మార్చి, కాడ చివర అరయంగుళము కోసి, వాడిన పూవును గిల్లివేయుచుండవలెను.